వాల్వు రేడియో: మరమ్మతా, రూపుమాపడమా?

మగ్గం మీద పోగు తెగితే బండారులంక నేతగాడు ఆ పోగునే అతుకుతాడు, పడుగంతా కోసివేయడు. పాత వాల్వు రేడియోలను బాగుచేసేవారిలో కొందరు మాత్రం పడుగునే కోస్తున్నారు. కొయ్యపెట్టెకు మెరుగుపెట్టి, లోపలి సామగ్రినంతా పీకివేసి, ఒక బ్లూటూత్ పలకను అమర్చి, దానికి పునరుద్ధరణ అని పేరు పెడుతున్నారు. మిగిలినది పెట్టె మాత్రమే, రేడియో కాదు.

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. ట్రాన్సిస్టర్లు వ్యాపించేవరకు ఆ ప్రసారాలను వినిపించినవి సాధారణంగా వాల్వు సెట్లే. వీటిలో ఎక్కువ భాగం 1918లో ఆర్మ్‌స్ట్రాంగ్ రూపొందించిన సూపర్‌హెటిరోడైన్ పద్ధతిపై పనిచేస్తాయి. 1000 కిలోహెర్ట్జ్ తరంగాన్ని పట్టవలెనంటే సెట్టు తనలో తాను 1455 కిలోహెర్ట్జ్ తరంగాన్ని పుట్టించి రెండింటినీ కలుపుతుంది. వాటి భేదమైన 455 కిలోహెర్ట్జ్ తరంగాన్ని వర్ధనం చేసి, అందులోని ధ్వనిని వేరుచేస్తుంది. ఈ దశలన్నిటినీ సెట్టులో వేలుపెట్టి చూపవచ్చు. సిలికాను చిప్పులో అది సాధ్యం కాదు. చట్రాన్ని పారవేయడమంటే ఒక భౌతికశాస్త్ర పాఠాన్ని పారవేయడమే.

అయితే దేనినీ తాకరాదనే ఛాందసం కూడా తగదు. ఇటువంటి సెట్లలో తరచుగా చెడేవి కాగితపు కండెన్సర్లు. చెమ్మ పీల్చుకొని అవి విద్యుత్తును కారనిస్తాయి. కోనసీమ వంటి తేమ ప్రదేశంలో ఇది వింత కాదు. చివరి వాల్వు గ్రిడ్డుకు ముందున్న కండెన్సరు కారితే గ్రిడ్డు మీదికి ధనవిద్యుత్పీడనం చేరి, వాల్వులో ప్రవాహం మితిమీరుతుంది. వాల్వుతోపాటు ట్రాన్స్‌ఫార్మరు కూడ కాలిపోవచ్చు. కనుక ఆ చిన్న భాగాన్ని మార్చడం అపచారం కాదు, వైద్యం.

వాల్వు ధ్వనియే స్వచ్ఛమైనదనే వాదమూ పరీక్షకు నిలువదు. వాల్వు వర్ధకం అసలు స్వరానికి రెట్టింపు పౌనఃపున్యం గల స్వరాన్ని కొంత చేరుస్తుంది. చెవికి అది ఇంపుగా తోచవచ్చు. కాని అది రుచి, స్వచ్ఛత కాదు. పైగా 1978 నుండి మన మధ్యతరంగ కేంద్రాల నడుమ ఎడం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే. పక్క కేంద్రాన్ని అడ్డుకొనే సెట్టు హెచ్చు స్వరాలను కూడ అణచివేస్తుంది. ఎంత పెద్ద వర్ధకం తగిలించినా పోయిన స్వరాలు తిరిగిరావు.

కొత్త సాధనాలతో పాటలు వినదలచినవారికి మార్గం లేకపోలేదు. చాలా సెట్ల వెనుక గ్రామఫోను పికప్పు కోసం రంధ్రాలు ఉంటాయి. ఏమీ కోయకుండ అక్కడ తీగ కలపవచ్చు. కాని ఏసీ–డీసీ రకం సెట్ల చట్రం నేరుగా మెయిన్సుతో కలిసి ఉంటుంది. విడదీసే ట్రాన్స్‌ఫార్మరు లేనిదే వాటికేదీ తగిలించరాదు. లోపల 250 వోల్టులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడ పీడనం ఉండవచ్చు. స్విచ్చి ఆపినా కండెన్సర్లలో కొంతసేపు నిలుస్తుంది. అనుభవజ్ఞులు దగ్గర లేనిదే విద్యార్థులు మూత తెరువరాదు.

మంచి పునరుద్ధరణకు గీటురాయి ఒక్కటే: చేసిన ప్రతి మార్పునూ రేపు మరొకరు తీసివేయగలగాలి. తొలగించిన భాగమేదో, పెట్టినదేదో ఒక చీటీపై వ్రాసి మూత లోపల అంటిస్తే, తరువాతి తరం ఆ యంత్రాన్ని చదువుకోగలుగుతుంది.