అన్నమయ్య చెలికత్తెలు

పరమానుభవము మాటకందదని మన వేదాంతులు తఱచుగా చెప్పుదురు. తైత్తిరీయోపనిషత్తును అట్లే చెప్పినది. కాని ఆ మాటతో ఊరకుండక, ఆనందమును మనుష్యానందము మొదలుకొని మెట్టుమెట్టుగా లెక్కించి చూపిన పిదప మఱల అట్లనినది.

తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) మార్గమును ఇట్టిదే. 1922 ప్రాంతమున తిరుమలలో వెలుగుచూచిన రాగిరేకులందు అధ్యాత్మ సంకీర్తనములును శృంగార సంకీర్తనములును వేఱువేఱుగా నున్నవి. ఈ విభాగమును బట్టి రెండవవానిని కేవలము భోగవర్ణనలని త్రోసివేయువారు కలరు. వారు ఆ పాటలలో పలుకుచున్నది ఎవరో గమనింపరు. నాయికయే పలుకు పాటలు లేకపోలేదు. కాని సంయోగము ప్రస్తావమునకు వచ్చినచోట్ల పెక్కింట ఆమె నోరు విప్పదు. చెలికత్తెలే ఆమె పెదవిమీది కస్తూరిని, కనుగొనల కెంపును చూచి, ఇది యేమై యుండునని యూహింతురు; ఒక యూహ చాలక మఱియొకటి చేయుదురు. కలిసినది ఆమె, పలుకునది వెలుపలనున్నవారు. ఆ పలుకులన్నియు గుర్తులవఱకే పోయి నిలిచిపోవును. భాషకు హద్దెచ్చటనో ఇంతకంటె స్పష్టముగా చూపుట కష్టము.

అట్లని అన్నమయ్య చెలులను మూగలను చేయలేదు. నేడు కొందఱు బోధకులు మాటకందదను వాక్యమును శిష్యుల ప్రశ్నలకు అడ్డుతలుపుగా వేయుచున్నారు. చెప్పదగినదంతయు చెప్పినవానికే మౌనమునందు అధికారము గలదు.