మేకు పీకిన రంపం

పంచతంత్రంలో కోతి కథ అందరం చిన్నప్పుడే విన్నాం. గుడి కడుతున్న చోట వడ్రంగులు ఒక దుంగను సగం దాకా కోసి, కోతలో మేకు దిగ్గొట్టి మధ్యాహ్నం అన్నాలకు వెళ్తారు. కోతి వచ్చి దుంగమీద కూర్చుని ఆ మేకు పీకుతుంది. విచ్చుకుని ఉన్న రెండు చెక్కలూ టక్కున మూసుకుంటాయి, కోతి పని అయిపోతుంది. తనకు పట్టని పనిలో తలదూర్చకూడదని పెద్దవాళ్లు నీతి చెప్పి ముగించేవారు. నాకు మాత్రం కోతికంటే వడ్రంగుల మీదే ధ్యాస. అసలు వాళ్లు ఆ మేకు ఎందుకు కొట్టినట్టు?

కోసిన కర్ర కోసినట్టు ఉండదు కాబట్టి. చెట్టు ఏటవాలు నేల మీద పెరిగినా, ఏడాది పొడవునా ఒకే వైపు గాలి తిన్నా, లోపల బిగువులు పెట్టుకుంటుంది. కోత పడగానే ఆ బిగువు సడలి, చెక్క బయటికి విచ్చుకుంటుంది, లేదా లోపలికి ముడుచుకుంటుంది. పచ్చి వేపను కోసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. వెనకటి అడితుల్లో ఒకరు దుంగ పైన, ఒకరు కింద గోతిలో నిలబడి పొడవాటి రంపం లాగుతూ దూలాలు తీసేవారు. కోత మూసుకుంటే రంపం అందులో ఇరుక్కుపోయేది. కిందివాడు కళ్లలో పడ్డ పొట్టు తుడుచుకుంటూ పైవాణ్ణి తిట్టేవాడు, ఇద్దరూ కలిసి రంపం ఊడదీసేవారు. జరిగే నష్టం అంతే. మళ్లీ ఇరుక్కోకుండా, కోత కాస్త సాగగానే వెనక ఒక మేకు బిగించేవారు.

ఇప్పుడు ఆ రంపాన్ని చక్రంగా చేసి మోటారుకు కట్టండి. మూసుకున్న కోత చక్రాన్ని ఆపలేదు, చక్రమే కర్రను విసిరేస్తుంది.

మన షెడ్డుల్లో కటింగ్ మిషన్ అని పిలిచే టేబుల్ సా చూడ్డానికి అమాయకంగానే ఉంటుంది. ఇనుప కాళ్లు, పైన బల్ల, బల్ల మధ్య చీలికలోంచి పైకి తేలిన బ్లేడు, పక్కన కర్రను ఆనించి తోయడానికి ఒక గైడు, కింద బెల్టుతో మోటారు. చాలా చోట్ల రందా మిషనూ ఇదీ ఒకే స్పిండిల్ మీద ఉంటాయి. ఎదురుగా నిలబడితే మన వైపున్న పళ్లు కిందికి దిగుతుంటాయి, కర్రను బల్లకేసి అదుముతుంటాయి. ఆ వైపు భయం తక్కువ. అవతలి వైపు పళ్లు బల్ల కిందినుంచి పైకి లేస్తుంటాయి. కోత మూసుకుని కర్ర ఆ వెనకపళ్లను నొక్కినా, గైడు దగ్గర కర్ర కొంచెం పక్కకు తిరిగి వాటికి తగిలినా, అవి కర్రను ఎత్తి మన మీదికి విసురుతాయి. దీన్నే పనివాళ్లు ‘కర్ర తన్నింది’ అంటారు. పది అంగుళాల బ్లేడు చుట్టుకొలత దాదాపు 80 సెంటీమీటర్లు. అది నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే పన్ను వేగం గంటకు 190 కిలోమీటర్లు. తన్నిన కర్రకు ఆ వేగంలో చాలా వాటా దక్కుతుంది. కర్ర పొట్టలో తగలడం ఒక ప్రమాదం. దానికంటే ఘోరం, కర్ర చేతికిందినుంచి మాయమవడం. అంతదాకా దాన్ని నొక్కిపట్టి ఉన్న చెయ్యి, ఆధారం పోగానే తూలి బ్లేడు మీదికి వెళ్తుంది. వేళ్లు పోయిన చాలామంది చెప్పే మాట ఒకటే: ఏం జరిగిందో తెలీలేదు, చూసేసరికి అయిపోయింది.

దీనికి విరుగుడు కథలోని మేకే. బ్లేడు వెనక, దానికి సరిగ్గా సూటిలో నిలబెట్టే ఉక్కు పలక అది. దాన్ని రైవింగ్ నైఫ్ అంటారు. పేరుకు నైఫ్, పదును ఉండదు. కోసిన చెక్కలు రెండూ దానికి అటూ ఇటూ జారిపోతాయి. మూసుకోవాలన్నా మూసుకోలేవు, వెనకపళ్లను తాకలేవు. దీని మందంలోనే కిటుకంతా ఉంది. కార్బైడ్ బ్లేడులో పళ్ల వెడల్పు చక్రం మందంకంటే ఎక్కువ. పళ్లు 3.2 మిల్లీమీటర్ల కోత తీస్తే చక్రం 2.2 మిల్లీమీటర్లే ఉండొచ్చు. పలక ఈ రెండింటికీ మధ్య ఉండాలి, 2.5 నుంచి 2.8 దాకా. అంతకంటే పల్చనైతే ఉండీ లేనట్టే, మందమైతే కర్ర దాని దగ్గరే ఆగిపోతుంది. వెనకపళ్లకు 3 నుంచి 8 మిల్లీమీటర్ల ఎడంలో బిగించాలి, బ్లేడు ఎత్తు మారిస్తే అదీ వెంట కదలాలి. చేతిరంపం పళ్లను ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ వంచి కోతను వెడల్పు చేసుకున్న వడ్రంగికి ఈ లెక్క కొత్తేమీ కాదు.

చట్టానికీ కొత్తకాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ యంత్రాల ప్రమాదకర భాగాలకు కంచె ఉండాలంది. దాని కింద రాష్ట్రాలు రాసుకున్న నిబంధనల్లో చక్రరంపానికి వెనక పలక, పైన తొడుగు, పక్కన తోపుడుకర్ర ఉండాలని ఉండేది. కానీ కరెంటు వాడే చోట పదిమంది పనివాళ్లు ఉంటేనే ఆ చట్టం వర్తించేది. మన వడ్రంగి షెడ్డులో ముగ్గురుంటే ఎక్కువ. ఆ ముగ్గురికీ పలక ఇవ్వాలని మిషన్ కట్టే లేతు షాపువాడికి ఎవరూ చెప్పలేదు, కొనేవాడూ అడగలేదు. అపార్ట్‌మెంట్లలో ఇంటీరియర్ పనికి వెళ్లేవాళ్ల సంగతి మరీ అన్యాయం. ప్లైవుడ్ ముక్కకు కన్నం పెట్టి, కింద నాలుగంగుళాల మార్బుల్ కట్టర్‌ను తలకిందులుగా బిగించి, స్విచ్చు వదలకుండా టేపు చుట్టి, దాన్నే బల్ల అంటున్నారు. ఆ కట్టర్ నిమిషానికి పన్నెండు పదమూడు వేల చుట్లు తిరుగుతుంది. కర్రకోసే బ్లేడు మీద అది తట్టుకునే గరిష్ఠ వేగం అచ్చువేసి ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ. ఇలాంటి బల్ల మీద జాగ్రత్తగా ఎలా కోయాలని నన్నడిగితే కోయొద్దనే చెబుతాను.

మంచి మిషన్ ఉన్నవాడి పని స్విచ్చు వేయకముందే మొదలవుతుంది. ముందు ప్లగ్గు తీసేయాలి. నాలుగు కాళ్లూ నేలకు ఆనాయో లేదో చూసి, కుంటుతున్న కాలికింద బద్ద పెట్టాలి. ఊగే బల్ల మీద ఏ కొలతా నిలవదు. తర్వాత బ్లేడు సూటి. బల్లలో నిలువునా ఒక గాడి ఉంటుంది, అడ్డకోతల గేజి జరిగేది అందులోనే. బ్లేడు ఆ గాడికి సమాంతరంగా ఉండాలి. ఇది చూడటానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఒక పన్నుకు మార్కరుతో చుక్క పెట్టి, దాన్ని ముందువైపుకు తెచ్చి గాడినుంచి దూరం కొలవాలి. బ్లేడును చేత్తో తిప్పి అదే పన్నును వెనక్కి తీసుకెళ్లి మళ్లీ కొలవాలి. అదే పన్ను కావడం ముఖ్యం. ముందు ఒక పన్నూ వెనక ఇంకో పన్నూ కొలిస్తే, చక్రంలో ఉన్న వంకరంతా బల్ల మీద మోపినట్టవుతుంది. రెండు కొలతల మధ్య జిరాక్సు కాగితం మందం, అంటే మిల్లీమీటరులో పదో వంతు మించి తేడా ఉంటే బల్ల బోల్టులు వదులుచేసి సరిదిద్దాలి.

ఆ తర్వాతే గైడు. గైడూ గాడికి సమాంతరంగా ఉండాలి. ఒక వెంట్రుకవాసి తేడా తప్పదనుకుంటే అది వెనకవైపు విచ్చుకునే దిక్కున ఉండాలిగాని మూసుకునే దిక్కున ఉండకూడదు. వెనక ఇరుకైన గైడు కర్రను తీసుకెళ్లి వెనకపళ్లకు అప్పగిస్తుంది. మన షెడ్డుల్లో గైడంటే ఒక చదరపు పైపు, రెండు సి-క్లాంపులు. అదేమీ తప్పు కాదు, కానీ బిగించిన ప్రతిసారీ ముందూ వెనకా రెండుచోట్లా టేపు పెట్టాలి. ముందొక్కచోటే కొలిచి బిగించేసే అలవాటు నేను చూసిన షెడ్డులన్నిటిలోనూ ఉంది.

మూలమట్టం పెట్టి బ్లేడు నిలువు చూసేటప్పుడు దాన్ని చక్రానికి ఆనించాలి, పన్నుకు కాదు. బ్లేడు ఎక్కించేటప్పుడు ముందువైపు పళ్లు మన వైపు తిరిగి ఉండాలి. నిలువుకోతకు పళ్లు తక్కువున్న బ్లేడు, పది అంగుళాల్లో 24 పళ్లది. ప్లైవుడ్‌కూ అడ్డకోతకూ 60 లేదా 80 పళ్లది. ఒకే బ్లేడుతో అన్నీ లాగించేవాళ్లు, టేకు నిలువునా కోసేటప్పుడు కాలిన మరకలు చూసి కర్రను తిడతారు. టేకులో సహజంగానే ఇసుక జాతి ఖనిజం ఉంటుంది, పళ్ల మొన త్వరగా అరిగిపోతుంది. మొద్దుబ్లేడును బలంగా తోయాలి, బలంగా తోసే చెయ్యే జారుతుంది. సానకు ఖర్చుపెట్టడానికి వెనకాడే షెడ్డు నాకు నచ్చదు.

బ్లేడు ఎత్తు గురించి వాదనలున్నాయి. నా మటుకు పళ్ల మధ్య లోయ కర్ర పైకి తేలితే చాలు. అంతకంటే లేపితే బల్ల మీద తిరిగే కత్తి పెరుగుతుంది, వచ్చే లాభం పెద్దగా లేదు.

కర్ర సంగతి వేరే చూడాలి. పాత ఇళ్లలోంచి తీసిన దూలాల్లో మేకులుంటాయి, అయస్కాంతం తిప్పితే తెలుస్తుంది. మెలితిరిగిన చెక్కను నేరుగా బల్ల మీద పెడితే ఊగుతుంది, మధ్యలో కూలబడి బ్లేడును కరుస్తుంది. ముందు ఒక ముఖం, ఒక అంచు చిత్రికపట్టి సాపు చేయాలి. సాపుముఖం బల్లకు, సాపుఅంచు గైడుకు. ఈ వరస చేతిపనివాళ్లదే, మిషన్ వచ్చాక చాలామంది వదిలేశారు.

కోసేటప్పుడు నిలబడే చోటు బ్లేడు సూటిలో కాదు, కొంచెం ఎడంగా. కర్ర తన్నితే ఖాళీచోటికి పోవాలి. భుజం మీది తువ్వాలు, వదులు చేతులచొక్కా, దారం, గ్లవుజులు, ఏవీ వద్దు. గ్లవుజు రక్షణ అనుకుంటారు గాని, తిరిగే పన్నుకు దాని పోగు చిక్కితే చేతిని మొత్తం లాక్కుపోతుంది. మనవాళ్ల పాతకొలతలు ఇక్కడ బాగా పనికొస్తాయి: చెయ్యి బ్లేడుకు జానెడు దూరం వరకే. ఆపైన తోపుడుకర్ర. గైడుకూ బ్లేడుకూ మధ్య బెత్తెడు మాత్రమే చోటుంటే మొదటినుంచీ తోపుడుకర్రే. దాన్ని వెతుక్కునేలా పెట్టకూడదు, గైడు పక్కనే ఉండాలి. గైడు ఆసరా లేకుండా చేతివాటంగా కర్రను తోయడం, గైడూ అడ్డకోత గేజీ రెండూ ఒకేసారి వాడి ముక్కను మధ్యలో ఇరికించడం, ఈ రెండూ కర్రను తన్నమని అడగడమే. అవతల పట్టుకోవడానికి కుర్రాణ్ణి నిలబెడతారు. వాడి పని కర్ర బరువు మోయడమే, లాగడం కాదు. లాగితే ఇవతల తోసేవాడి చేతిలో లెక్క తప్పుతుంది. స్విచ్చు ఆపాక బ్లేడు ఇంకా కాసేపు చప్పుడు లేకుండా తిరుగుతుంది. పక్కన పడ్డ ముక్కను అప్పుడు ఏరబోయేవాళ్లే ఎక్కువ. పొట్టుకు ముక్కుగుడ్డ కట్టుకోవాలి, కర్రధూళిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చి మూడు దశాబ్దాలైంది.

మన దగ్గర ఇంకో ముప్పు కరెంటు కోత. కోస్తూ ఉండగా కరెంటు పోతుంది. స్విచ్చు ఆన్‌లోనే ఉంటుంది. ఎవరో బల్ల తుడుస్తారు, ఇంకొకరు ఇరుక్కున్న ముక్క తీస్తారు. కరెంటు వస్తుంది. మూడు ఫేజుల మోటారుకు పెట్టే డీఓఎల్ స్టార్టరు ఈ గండాన్ని ఆపుతుంది. కరెంటు పోగానే లోపలి కాయిల్ వదిలేస్తుంది, మళ్లీ పచ్చబటను నొక్కితేగాని మోటారు కదలదు. బోరుబావి దగ్గర రైతులు ఈ ఇబ్బంది పడలేకే ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. పొలంలో అది వెసులుబాటు, రంపం దగ్గర ప్రాణాంతకం. సింగిల్ ఫేజు మిషన్లకూ ఇలాంటి స్విచ్చులు దొరుకుతాయి. మొత్తం సరంజామాలో నేను మొదట డబ్బు పెట్టమనేది దీనికే, ఆ తర్వాతే బ్లేడుకు.

అమెరికాలో టేబుల్ సా బ్లేడు తగిలిన గాయాలు ఏటా 30 వేలు దాటుతాయని అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ 2011లో అంచనా వేసింది. భౌతికశాస్త్రం చదివి పేటెంట్ లాయరుగా పనిచేస్తున్న స్టీవ్ గాస్, 1999లో దీనికో ఉపాయం కనిపెట్టాడు. బ్లేడులో సన్నటి విద్యుత్ సంకేతం నడుస్తుంటుంది. ఒళ్లు తగిలితే ఆ సంకేతం మారుతుంది, అల్యూమినియం దిమ్మ ఒకటి పళ్లలోకి దూసుకొచ్చి చక్రాన్ని దాదాపు 5 మిల్లీసెకన్లలో ఆపేస్తుంది. సాసేజ్ ముక్కలతో పరీక్షించి, చివరికి తన వేలే పెట్టి చూసుకున్నాడు. సాస్టాప్ పేరుతో ఆ మిషన్లు 2004నుంచి అమ్ముడవుతున్నాయి. గొప్ప పనే. అయితే అది బ్లేడు తగిలాక పనిచేస్తుంది. కర్ర తన్నకుండా చూసే పని అందులోనూ వెనకున్న ఆ పలకదే.

మా ఊళ్లో నాకు బాబాయి వరసయ్యే ఒక మేస్త్రి ఉన్నాడు. ఆయన కొన్న మిషన్‌కు మాత్రం ఆ పలక కంపెనీనుంచే వచ్చింది. మొదటిసారి వెళ్లినప్పుడు అది గోడకు వేలాడుతోంది. ఎందుకు తీశావంటే, “గాళ్లు తీసేటప్పుడు అడ్డమొస్తది అబ్బాయ్” అన్నాడు. నిజమే. ఆ పలక బ్లేడుకంటే ఎత్తుగా, పైతొడుగు మోయడానికి చేసింది. కర్రను పూర్తిగా చీల్చకుండా సగం లోతులో గాడి తీయాలంటే దాన్ని విప్పాల్సిందే. విప్పింది మళ్లీ బిగించడానికి పది నిమిషాలు, పనిలో ఆ పది నిమిషాలు ఎప్పుడూ దొరకవు. బ్లేడు కొసకంటే మిల్లీమీటరు రెండు కిందుగా ఉండే పలకలూ ఉన్నాయి. వాటిని గాడికోసం తీయక్కర్లేదు. మందం, ఎత్తు చెప్పి గట్టి ఉక్కులో లేతు షాపులో చేయించుకుందామన్నాను. దసరా అయ్యాక చూద్దామన్నాడు.

దసరాకు వెళ్లాను. ఆయుధపూజ. ఆ రోజు షెడ్డులో మోటారు తిరగదు. ఉలి, బాడిస, చిత్రిక, మూలమట్టం అన్నీ కడిగి పీటమీద పెట్టారు. మిషన్‌కు పసుపు రాసి, బల్ల మీద నిమ్మకాయ కోశారు. బాబాయి కుంకుమ భరిణె పట్టుకుని వరసగా అన్నిటికీ బొట్లు పెట్టుకుంటూ వచ్చి, గోడదాకా వెళ్లి, మేకుకు వేలాడుతున్న ఆ పలకకు కూడా పెట్టాడు. దాని మీద పాత బొట్లు అప్పటికే గట్టిపడి ఉన్నాయి.