దినమంతా ఇంద్రజిత్: సహనమా, స్మృతియా?

బాదల్ సర్కార్ (1925–2011) బెంగాలీలో రచించిన ‘ఏవం ఇంద్రజిత్’ను కలకత్తాలోని శౌభనిక్ బృందం 1965లో తొలిసారి ప్రదర్శించింది. ఆధునిక భారతీయ రంగస్థలంపై అసంబద్ధ నాటకమనగానే మొదట స్మరించవలసిన కృతి ఇది. ఇటువంటి నాటకాన్ని ఉదయం నుంచి సాయంకాలం వరకు ఆపకుండా, ఆవృత్తులుగా ఆడడం సార్థకమేనా? దేహశ్రమకూ జ్ఞానానికీ గల సంబంధమే ఇందులోని అసలు ప్రశ్న కనుక, బౌద్ధ విద్యార్థికి ఇది పరాయిది కాదు.

అమల్, విమల్, కమల్ పరీక్షలు వ్రాస్తారు, ఇంటర్వ్యూలకు వెళతారు, ఆఫీసులో ఫైళ్లు కదుపుతారు, పెళ్లాడతారు. నాల్గవవాడు మొదట తన పేరు నిర్మల్ అంటాడు. రచయిత పాత్ర నిలదీసిన మీదట ఇంద్రజిత్‌నని ఒప్పుకుంటాడు. పాళీ సుత్తాల తొలి పదమైన ‘ఏవం’కు ‘ఇట్లు’ అని అర్థం. బెంగాలీలో అదే పదానికి ‘మరియు’ అని అర్థం. అందరివలె ఉండలేక, వేరుగానూ నిలువలేక, ముగ్గురి వెనుక సముచ్చయంగా మిగిలినవాడు ఇంద్రజిత్. చివర అతడూ, మానసీ, రచయితా క్షేత్రం లేని యాత్రికులై నడుస్తారు. సిసిఫస్ ప్రస్తావన అక్కడే వస్తుంది.

అంటే ఆవృత్తి ఈ నాటకానికి బయట నుంచి తగిలించినది కాదు. అయొనెస్కో 1950 నాటి ‘ది బాల్డ్ సొప్రానో’ కూడా దంపతులను మార్చి, మొదటి సంభాషణతోనే ముగుస్తుంది. ఒకసారి చూసినప్పుడు ఆవృత్తి ఒక భావం; అయిదవసారి చూసినప్పుడు అది దేహానుభవం. భవచక్రాన్ని గోడపై చిత్రంగా చూడడానికీ, అందులో తిరుగుతున్నట్లు గుర్తించడానికీ ఉన్న అంతరం ఇదే. దీర్ఘ ప్రదర్శనకు అనుకూలమైన వాదమంతా ఇక్కడే ఉంది.

ప్రతివాదం ఇంతకంటె బలమైనది. నటుడు అలసిన కొద్దీ ప్రేక్షకుని దృష్టి ఇంద్రజిత్ దుఃఖం నుంచి నటుని సామర్థ్యం మీదికి జారుతుంది, నాటకం పందెమవుతుంది. ఆరేండ్ల కఠోర తపస్సును గౌతముడు విడిచిపెట్టినది శ్రమకు వెరచి కాదు, శ్రమ తనంత తానుగా జ్ఞానం కాదని తెలిసి. విశుద్ధిమార్గం చెప్పిన పదమూడు ధుతాంగాలలో చివరిదైన నేసజ్జికంలో సాధకుడు శయనాన్ని త్యజిస్తాడు. అయినా రాత్రి మూడు యామాలలో ఒక యామం లేచి చంక్రమణం చేయాలి. వ్రతానికి ఉత్కృష్ట, మధ్యమ, మృదు భేదాలున్నాయి. మృదు సాధకునికి ఆనుకొనే పలక సైతం అనుమతమే. సడలింపు అక్కడ లోపం కాదు, విధిలో భాగం.

సర్కార్ స్వయంగా ఎన్నుకున్న దారి కూడా గమనార్హం. 1967లో స్థాపించిన శతాబ్ది బృందంతో ఆయన క్రమంగా తెర, దీపాలు, టికెట్టు విడిచి కర్జన్ పార్కు ఆరుబయటికి వచ్చాడు. 1974 నాటి ‘మిఛిల్’లో నటులు ప్రేక్షకుల నడుమనే ఊరేగింపుగా కదులుతారు. ఆయన తగ్గించినది ఆడంబరాన్నీ దూరాన్నీ. గంటలను పెంచడం ఆయన మార్గం కాదు.

కాబట్టి దినమంతటి ప్రదర్శన తప్పనిసరియైతే దానికి నియమం కావాలి. నటులు వంతులవారీగా పాత్రలు మార్చుకోవాలి. అమల్ కమల్ అయినా తేడా కనబడకపోవడమే ఈ నాటక హృదయం. ప్రేక్షకునికి రాకపోకల స్వేచ్ఛ ఉండాలి. మన వీధిభాగవతంలో తెల్లవారుజామున కునుకు తీసి లేచినవాడు కథ తెలిసినందున అందుకోగలడు. ఇక్కడ ఏ ఘడియలో వచ్చినా అదే ఆఫీసు, అదే ఫైలు కనుక అందుకోగలడు. ఎన్ని గంటలు ఓర్చారన్నది లెక్కించే ప్రదర్శనలో ఇంద్రజిత్ మాయమై నటుడే మిగులుతాడు.