మధురవాణి ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?

కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో, తిరగరాసిన కూర్పు 1909లో వచ్చాయి. అప్పట్నించీ మధురవాణి తెలివినీ మాటనేర్పునీ మెచ్చుకుంటూ మనవాళ్ళు పుస్తకాలకి పుస్తకాలే రాశారు. మంచిదే. కానీ నాటకం చివర్లో ఆమె సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్ళాలంటే మగవేషం వేసుకోవాల్సి వచ్చింది, చూడండి, దాని గురించి కాస్త తక్కువే మాట్లాడుకున్నాం. లుబ్ధావధాన్లు కేసుకి దారి చూపించేది ఆమె. వేశ్య అని తెలిస్తే గడప తొక్కనివ్వని పెద్దమనిషి ఆ వకీలు. ఆమె సొంత పేరుతో వెళ్ళడానికి అక్కడ వీల్లేదు.

ఇప్పుడు చిలకలూరిపేటకి రండి. పత్తి, నూలు మిల్లులు, చెన్నై-కోల్‌కతా హైవే ఉన్న ఊరు. కానీ ఆ పేరు వినగానే మనవాళ్ళ మొహాల్లో ఒక వెకిలి నవ్వు వస్తుంది. పెద్దాపురానిదీ అదే గతి. ఊళ్ళ పేర్లతో జోకులేసుకునే మనం, అక్కడ ఈ వృత్తిలో ఉన్న ఆడమనిషి అద్దె ఇంట్లో ఎట్లా ఉంటుందని మాత్రం అడగం. చట్టం కూడా ఒక రచనే కదా, ఓసారి దాన్ని చదువుదాం.

1956లో వచ్చి, 1986 సవరణతో ఇప్పటి పేరు పెట్టుకున్న చట్టం ప్రకారం డబ్బుకి లైంగిక సంబంధం పెట్టుకోవడం దానికదే నేరం కాదు. అంటే బతకనిస్తారనుకుంటాం. అయితే ఇద్దరు ఆడవాళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఇద్దరి లాభం కోసం ఈ పని చేస్తే అది వ్యభిచార గృహం. ఒంటరిగా ఉండలేక ఇంకో మనిషిని తోడు తెచ్చుకుంటే నేరం! నాలుగో సెక్షన్ ఇంకా విడ్డూరం. తెలిసి ఆమె సంపాదన మీద బతికే పద్దెనిమిది దాటిన ఎవరికైనా రెండేళ్ళ దాకా జైలు. బ్రోకర్ కోసం రాసిన వాక్యంలో, అమ్మ కట్టిన ఫీజుతో డిగ్రీ చదివే కొడుకు కూడా పడతాడు. ఎనిమిదో సెక్షన్ కింద పిలిచినందుకు ఆడదానికి మొదటిసారి ఆరు నెలల దాకా, అదే పని మగాడు చేస్తే మూడు నెలల దాకా. ఇరవయ్యో సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు ఆమెని ఊరు వదిలి పొమ్మనొచ్చు.

8, 20 సెక్షన్లు తీసేద్దామని 2006లో ఒక బిల్లు వచ్చింది. విటుణ్ణి శిక్షించే నిబంధన కూడా అందులో కలిపారు. చట్టం కాకుండానే అది మురిగిపోయింది. విటుణ్ణి శిక్షించే పద్ధతి స్వీడన్ 1999లో తెచ్చింది. వినడానికి న్యాయంగా ఉంటుంది, మగాణ్ణే కదా పట్టుకునేదని. కానీ పేటలాంటి ఊళ్ళో విటుడి కోసం పోలీసు కాపుకాసేది ఎవరి గుమ్మం ముందు? మర్నాడు ఇల్లు ఖాళీ చేయమనేది ఎవర్ని? జర్మనీ 2017 నుంచి రిజిస్ట్రేషన్ పెట్టింది. అందరూ అందరికీ తెలిసిన చోట ఆ కాగితం పిల్ల పెళ్ళి సంబంధం దాకా వెంటాడుతుంది. నాకు న్యూజీలాండ్ 2003లో తెచ్చిన చట్టమే నయమనిపిస్తుంది. అక్కడ నలుగురు దాకా, ఎవరి డబ్బు వాళ్ళే చూసుకుంటూ, ఆపరేటర్ సర్టిఫికెట్ లేకుండా ఒకచోట పని చేసుకోవచ్చు.

దీనికొక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేయకూడదు. తరతరాలుగా ఈ పనిలోకే నెట్టిన కుటుంబాల్లో పుట్టిన పిల్లకి, పద్దెనిమిది నిండిన తెల్లారి ‘ఇష్టం’ అనేది ఎక్కణ్ణుంచి వస్తుంది? కళావంతుల విషయంలో 1947 మద్రాసు చట్టం దేవుడికి అంకితమివ్వడాన్ని నిషేధించింది. కానీ భూమి, చదువు, ఇంకో పని ఇవ్వడం ఆ చట్టం పని కాలేదు. అందుకే మైనర్లని దించేవాళ్ళ మీద, బలవంతం చేసేవాళ్ళ మీద ఉన్న సెక్షన్లని ఒక్క అక్షరం కూడా సడలించొద్దంటాను. బయటికి రావాలనుకునే మనిషికి దారి ఉండాలి. రక్షణ గృహం పేరుతో ఏడాది నుంచి మూడేళ్ళ దాకా తలుపేసి ఉంచడాన్ని మాత్రం దారి అనలేం.

2022 మే 19న సుప్రీంకోర్టు బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సెక్స్ వర్కర్లకి ఆధార్ ఇవ్వాలనీ, అందులో వృత్తి తెలిసే గుర్తు ఏదీ ఉండకూడదనీ చెప్పింది. కార్డు వస్తుంది, సరే. దాని మీద రాయించుకోవడానికి అద్దె ఇంటి అడ్రస్ కావాలి. నాలుగో సెక్షన్, ఇరవయ్యో సెక్షన్ ఇంకా పుస్తకంలోనే ఉన్నాయి.