మరబొమ్మల చలనచిత్రాలు – ఒక పరిశీలన

రూపు మార్చే మరబొమ్మను ఎరుగని పిల్లవాడు ఈనాడు అరుదు. అది మొదట లారీ. నాలుగు మలుపులు తిప్పితే మరమనిషి. ఈ బొమ్మను ముందుంచుకొని, కొంచెము కదిపి ఒక ఫోటో, మరికొంచెము కదిపి మరొక ఫోటో, ఇట్లు వరుసగా తీసి, వాటిని వేగముగా ఒకదాని వెంట ఒకటి చూపినట్లయితే బొమ్మ తనంత తానే రూపు మార్చుకొన్నట్లు కనబడును. దీనినే స్టాప్ మోషన్ పద్ధతి అంటారు. ఫోను ఉన్న ప్రతి ఇంటా ఇది సాధ్యమే గనుక పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనలకు ఇటువంటి చిత్రాలు రావటము మొదలైనది. వీటి మంచిచెడ్డలు దేనినిబట్టి నిర్ణయించాలి అన్నది ఉపాధ్యాయులకు ఎదురయ్యే ప్రశ్న. ఈ విషయములో నేను ఒకసారి తప్పు తీర్పు చెప్పినాను. కాబట్టి ఆ సంగతితోనే ఆరంభిస్తాను.

నెల్లూరు తీరప్రాంతపు హైస్కూలు విద్యార్థులు ముగ్గురు కలిసి ఒక చిత్రము తీసినారు. మైపాడు ఇసుకమీద బొమ్మలారీ ఒకటి, వెనుక సముద్రము, ప్రక్కన అలంకారానికి ఇసుకలో గుచ్చిన ఒక జెండాపుల్ల. ఆరు సెకనులలో లారీ ముందుభాగము చీలి, చక్రాలు మడుచుకొని, వెనుక తొట్టి రెండు కాళ్లుగా నిలిచి మరమనిషి లేస్తుంది. అంతే చిత్రము. న్యాయనిర్ణేతలలో నేనొకడిని. చిత్రము నడుస్తున్నంతసేపు పుల్ల నీడ పరుగెత్తుతూ కుంచించుకొని పోవటము చూచి "వెలుతురు సరిచూచుకోలేదు. ఇది ఆట, ప్రయోగము కాదు" అని వ్రాసి పదింటికి మూడు మార్కులు వేసినాను.

ఇంటికి వచ్చిన తరువాత ఆ నీడ మనస్సును వదలలేదు. చిత్రము కాపీ నా ఫోనులో ఉన్నది. రాత్రి భోజనాలు అయిన తరువాత దానిని ఒక్కొక్క ఫ్రేమే ఆపి చూచినాను. సెకనుకు 12 ఫ్రేముల చొప్పున ఆరు సెకనులకు 72 ఫ్రేములు. మొదటి ఫ్రేములో నీడ పుల్లకు మూడు రెట్లున్నది. చివరి ఫ్రేములో ఇంచుమించు పుల్లంతే ఉన్నది. నీడ పుల్లకు మూడు రెట్లు ఉండవలెనంటే సూర్యుడు క్షితిజముపై 18 డిగ్రీల ఎత్తున ఉండాలి. సమానము కావలెనంటే 45 డిగ్రీల ఎత్తున ఉండాలి. అది మార్చి నెల, పగలు రాత్రి దాదాపు సమానముగా ఉన్న రోజులు. నెల్లూరులో అప్పుడు సూర్యోదయము ఆరుంబావు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది గనుక పిల్లలు ఏడున్నరకు పని మొదలుపెట్టి తొమ్మిదిన్నర లోపున ముగించినారని లెక్క తేలినది. కెమెరా కోణమువల్ల కొంత తేడా ఉండవచ్చును, కాని పెద్ద తేడా కాదు.

మన పూర్వులు ఇసుకలోనో నేలమీదనో నిలిపి కాలము కొలిచిన శంకువు ఇదే కదా! పిల్లలు తెలియకుండానే బొమ్మ ప్రక్కన ఒక గడియారము పెట్టుకొన్నారు. నేను దానిని తప్పు అన్నాను.

అంతకన్న చిత్రమైన సంగతి 40, 41 ఫ్రేముల మధ్య ఉన్నది. మిగిలిన చోట్ల ఒక ఫ్రేమునుండి మరొక ఫ్రేముకు నీడ కొద్దికొద్దిగానే తగ్గినది. ఇక్కడ మాత్రము అంతకు ఆరేడు రెట్లు తగ్గినది. ఒక ఫ్రేముకు నిమిషమున్నర పట్టినదనుకొంటే ఇక్కడ పది నిమిషాలు గడిచినవన్నమాట. సరిగా ఇక్కడనే బొమ్మ చేతులు కూడా లోపలినుండి ఒక్క గంతులో బయటికి వచ్చినవి. మరునాడు ఆ పిల్లలను కలిసి, "నలభయ్యో ఫోటో తరువాత పది నిమిషాలు ఏమి చేసినారు?" అని అడిగినాను. ముగ్గురూ ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నారు. చివరకు ఒకడు, "ఇసుక పోయి చెయ్యి ఇరుక్కుంది సార్. పిన్నీసుతో తీస్తా ఉంటే ఒక్కసారిగా బైటికి వచ్చేసింది. మళ్ళా లోపలికి పోలేదు. అట్నే తీసేశాం. మీకెట్లా తెలిసింది సార్?" అన్నాడు.

ఎట్లా తెలిసినదో చెప్పటానికి నాకు గంట పట్టినది. ప్రదర్శనలో అరగంట కూడా వారికి కేటాయించనివాడను, ఆ గంట సంతోషముగానే గడిపినాను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ చిత్రాలను తరగతిలో చూపే ఉపాధ్యాయులు చాలమంది "దృష్టి నిలకడ" అనే ఒక్క మాటతో వివరణ ముగిస్తారు. కంటిపై పడిన బింబము సెకనులో 16వ వంతు నిలిచియుండును, అందువలన విడి బొమ్మలు కలిసి కదిలినట్లు తోచును అని పాఠము. ఇది సగము నిజమే. బింబాలు కేవలము నిలిచియుండటమే కారణమైతే లారీలు ఒకదానిపై ఒకటి మసకగా కనబడవలెను. కదులుతున్న ఒకే లారీ కనబడరాదు. వెలుగు మినుకుమినుకుమనకుండా ఒకటిగా తోచటానికి దృష్టి నిలకడ కారణము కావచ్చును. కదలిక తోచటము మాత్రము మెదడు చేసే పని. 1912లో మాక్స్ వెర్థైమర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఈ విషయమును పరిశోధించినాడు. వేరువేరు చోట్ల ఉన్న రెండు గీతలను తగిన వ్యవధితో ఒకదాని తరువాత ఒకటి చూపితే ఒకే గీత అటునుండి ఇటు జరిగినట్లు తోచును. లేని మధ్యస్థితిని మెదడే పూరించుకొంటుంది.

ఇందులో ఒక ప్రమాదము కూడా ఉన్నది. మెదడు ఖాళీలను పూరించగలదు గనుక చిత్రము తీసేవాడు ఖాళీలు వదలివేయటానికి అలవాటుపడతాడు. ఎంత ఖాళీ వదలవచ్చును, ఎంత వదలితే అది మోసమగును అన్నదే ఈ చిత్రాల విమర్శలో ముఖ్యమైన ప్రశ్న అని నా అభిప్రాయము.

మన దేశములో ఈ పద్ధతి కొత్తది కాదు. దాదాసాహెబ్ ఫాల్కే 1913లో రాజా హరిశ్చంద్ర చిత్రమును విడుదల చేయకముందే, కుండీలో నాటిన బఠాణీ గింజ మొలకెత్తి పెరగటమును కొన్ని వారాలపాటు ఒక్కొక్క ఫ్రేముగా తీసి చూపినాడు. 1915లో అగ్గిపుల్లలను కదిలించి ఒక చిన్న చిత్రము తీసినాడు. మొదటిది విజ్ఞానము, రెండవది వినోదము అని మనము విడదీస్తాము గాని, పద్ధతి రెండింటిలోను ఒకటే. బఠాణీ తనంత తాను కదిలినది, అగ్గిపుల్లలను ఆయన కదిలించినాడు.

మాయాబజార్ (1957) ఎరుగని తెలుగువారు లేరు. కె. వి. రెడ్డి దర్శకత్వములో, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణముతో వచ్చిన ఆ చిత్రములో లడ్డూలు పళ్లెములోనుండి ఎగిరి ఘటోత్కచుని నోటిలో పడతాయి. గిల్పము, గింబళి ప్రాణమున్నవానివలె ప్రవర్తిస్తాయి. అంతటి ఎస్. వి. రంగారావు సావిత్రిగా మారిపోతాడు. అంత శరీరము ఎక్కడికి పోయినదని మనము అడగము. అది మాయ. తోలుబొమ్మలాటలో హనుమంతుడు పెరిగినప్పుడు ఆటగాడు చిన్న బొమ్మను తీసి పెద్ద బొమ్మను తెరకు అంటిస్తాడు. దానినీ ఎవరూ తప్పు పట్టరు. మాయకు లెక్క అడగరాదు. మరబొమ్మకు మాత్రము అడిగి తీరవలెను, ఎందుకంటే అది తాను యంత్రమునని చెప్పుకొంటుంది.

జపానులో తకారా కంపెనీ 1980లో మొదలుపెట్టిన డయాక్లోన్ బొమ్మలు, మరికొన్నింటితో కలిసి, 1984లో అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ ద్వారా ట్రాన్స్‌ఫార్మర్స్ అనే పేరుతో వచ్చినవి. బొమ్మను చేసినవారు లెక్క తప్పలేదు. లారీలో ఉన్న ప్రతి ముక్కా మరమనిషిలోనూ ఉన్నది. తలుపు రెక్క అవుతుంది, చక్రము భుజమవుతుంది. అదే సంవత్సరము వచ్చిన టెలివిజను బొమ్మలచిత్రము మాత్రము లెక్కను గాలికి వదిలినది. అందులో మెగాట్రాన్ అనే మహాకాయుడు చేతిలో పట్టే పిస్తోలుగా మారుతాడు. పది మీటర్ల విగ్రహము 20 సెంటీమీటర్లకు కుదించుకొన్నదనుకొందాము. పొడవు 50వ వంతు అయినది, ఘనపరిమాణము 1,25,000వ వంతు అయినది. ద్రవ్యనిత్యత్వ నియమము ప్రకారము ద్రవ్యరాశి మారరాదు గనుక సాంద్రత అన్ని రెట్లు పెరగాలి. అది నిండు ఇనుపవిగ్రహమైనచో ఘనసెంటీమీటరు ఒక్కింటికి దాదాపు ఒక టన్ను బరువు! శ్వేతకుబ్జ తారలలోని పదార్థము అంత సాంద్రముగా ఉండును. అటువంటి పిస్తోలును పట్టుకొన్నవాడు దానితోబాటు భూమిలోకి దిగిపోవలసిందే. ఇది తొమ్మిదో తరగతివారికి చక్కని లెక్క.

2007లో మైకేల్ బే తీసిన చలనచిత్రములో మరొక రకపు లోపమున్నది. కంప్యూటరుతో సృష్టించిన ఆ యంత్రాలలో వేలకొలది ముక్కలు ఒకేసారి తిరుగుతాయి. ఏ ముక్క ఎక్కడికి పోయినదో కన్ను పట్టుకోలేదు. పనివారి నేర్పును కాదనను, కాని లెక్క చూడటానికి వీలులేని పద్దును సరైన పద్దు అని ఎట్లా ఒప్పుకోగలము? దీనికన్న 2010లో శంకర్ తీసిన, తెలుగులో రోబో పేరుతో వచ్చిన చిత్రపు చివరిఘట్టము నయమని నేను అంటే మిత్రులు నవ్వుతారు. అందులో నూర్లకొలది చిట్టిరోబోలు కలిసి బంతిగా, పాముగా, మహాకాయుడుగా మారుతాయి. అవి ఏ బలముతో అతుక్కొన్నవన్నది వేరే ప్రశ్న. కాని ప్రతి రోబో రోబోగానే ఉంటుంది, దేహమును దగ్గరనుండి చూస్తే మనుషులే కనబడతారు. ఇటుకలకు ఇటుకలు, గోడకు గోడ.

స్టాప్ మోషన్‌లో ఆ మోసము అంత సులభము కాదు. ఇందుకే ఈ పద్ధతి పాఠశాలకు తగినది. ఎదుట ఉన్నది నిజమైన వస్తువు. ఆరో తరగతి పాఠములోని మడతబందు కీలు, బంతి గిన్నె కీలు, బొంగరపు కీలు, జారెడు కీలు అన్నీ ఒక్క బొమ్మలోనే వెదకవచ్చును. మోచేయి ఏ దిశలో వంగదో బొమ్మే చెబుతుంది. బలవంతము చేస్తే విరుగుతుంది. తొట్టిని ఎత్తకముందు కాళ్లు చాపినట్లయితే గురుత్వకేంద్రము పీఠము దాటి బొమ్మ బోర్లపడుతుంది. మైపాడు పిల్లలు ఈ కారణమువల్లనే పదిహేను ఫ్రేములు పారవేసి మళ్లీ తీసినామని చెప్పినారు. ఆ పదిహేను ఫ్రేములు తొలగించకుండా చూపి ఉంటే నా మార్కులు మరో విధముగా ఉండేవేమో.

బరువు చూపటములో మాత్రము ఈ చిత్రాలు, పిల్లలవీ పెద్దలవీ, తరచు తప్పుతాయి. బొమ్మ ఎత్తు 15 సెంటీమీటర్లు. కథలో అది 9 మీటర్ల మనిషి. నిలువెత్తునుండి ఒక వస్తువు నేలకు రాలటానికి పట్టే కాలము లెక్క కడితే 9 మీటర్లకు దాదాపు 1.35 సెకను, అంటే 16 ఫ్రేములు. 15 సెంటీమీటర్లకు రెండు ఫ్రేములు చాలును. పిల్లలు సాధారణముగా రెండు ఫ్రేములలోనే పడవేస్తారు. వెంటనే మహాకాయుడు ప్లాస్టిక్ బొమ్మ అయిపోతాడు. 16 ఫ్రేములు తీయాలి, వాటి మధ్య దూరాలు 1, 3, 5, 7 చొప్పున పెరగాలి. గెలీలియో చెప్పిన నిష్పత్తి ఇదే. బోర్డుమీద ఎన్నిసార్లు వ్రాసినా ఎక్కని ఈ నిష్పత్తి స్కేలు పట్టి బొమ్మను దించినవానికి మరపురాదు. 1987లో వచ్చిన రోబోకాప్ చిత్రములో ఫిల్ టిపెట్ బృందము కదిలించిన ఇ.డి.-209 అనే యంత్రమును చూడండి. అది చిన్న నమూనా. అయినా అడుగు వేసినప్పుడల్లా నేల అదిరినట్లు తోచును. మెట్లు దిగలేక దొర్లిపడినప్పుడు దాని బరువును మనము నమ్ముతాము.

మా తీరమువారికి రూపు మార్చే యంత్రము కథలోనిది మాత్రమే కాదు. శ్రీహరికోట 2022 వరకు నెల్లూరు జిల్లాలోనిదే, ఇప్పుడు తిరుపతి జిల్లాకు చేరినది. అక్కడినుండి 2023 జూలై 14న వెళ్లిన చంద్రయాన్-3 లోపల 26 కిలోల ప్రజ్ఞాన్ రోవరు ముడుచుకొని కూర్చున్నది. ఆగస్టు 23న లాండరు చంద్రునిపై దిగిన తరువాత, రెండు ముక్కల జారుబల్ల విచ్చుకొన్నది, రోవరు సౌరఫలకము తెరచుకొన్నది, చక్రాలు దిగివచ్చినవి. అక్కడ ఇసుక ఇరుక్కొంటే పిన్నీసుతో తీసే చేయి లేదు. ప్రతి కీలూ తెరచుకొనే క్రమము ముందే నిర్ణయించి, భూమిమీద పరీక్షించి పంపవలెను. బొమ్మలారీని చక్రాలకన్న ముందు తొట్టి విప్పితే ఏమగునో తెలిసిన పిల్లవానికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

ఆ పిల్లలు రెండవసారి ఒక గదిలో తలుపులు మూసి, ఒకే దీపము పెట్టి చిత్రము తీసి తెచ్చినారు. నీడ కదలలేదు, చేతులు వరుసగా బయటికి వచ్చినవి, ఫోను వెలుతురును తనంత తాను మార్చుకోకుండా కట్టడి చేసినారు. నిర్దుష్టమైన పని. నేను మెచ్చుకొన్నాను. కాని తరగతిలో చూపటానికి నేను అడిగి తీసుకొన్నది మొదటి చిత్రమునే. నలభయ్యో ఫ్రేము వద్ద ఆపి, పుల్ల నీడను స్కేలుతో కొలిచి, బొమ్మ చేతులు ఎన్ని నిమిషాలు ఇరుక్కొన్నవో కనిపెట్టమని విద్యార్థులకు ఇస్తున్నాను. కిందటి వారము ఒక అమ్మాయి పదకొండు నిమిషాలని తేల్చినది. నాకు వచ్చినవి పది. ఎవరి లెక్క సరియో తేల్చటానికి ఆ ముగ్గురినీ మళ్లీ పిలిపించవలసి ఉన్నది.