సంతెలో పేరు, హాట్‌లో ఊరు

నెల్లూరు జిల్లాలో ఆత్మకూరులోనో సంగంలోనో కళల సంత పెట్టాలనుకుంటే ఉదయగిరి చెక్క చెంచాల వాళ్లని పిలవకుండా ఎట్లా? పిలుద్దాం సరే, చిత్రకారుల వరసలో కూర్చోబెడతామా, విడిగా హస్తకళల వరసలోనా? జవాబు చెప్పేముందు రెండు సంతల తీరు చూద్దాం.

బెంగళూరు కుమారకృప రోడ్డులో కర్ణాటక చిత్రకళా పరిషత్తు ఏటా జనవరిలో ఒక ఆదివారం చిత్రసంతె జరుపుతుంది. చిత్రకారుడు తన పేరు మీద దరఖాస్తు పెట్టుకుంటాడు. చోటు దొరికితే రోడ్డు పక్కనే బొమ్మలు పరిచి, దళారీ లేకుండా అమ్ముకుంటాడు. కొన్నవాళ్లు అతని సంతకాన్నీ ఇంటికి తీసుకుపోతారు.

ఢిల్లీ ఐఎన్‌ఏ దగ్గర 1994లో మొదలైన ఢిల్లీ హాట్ తీరు వేరు. అక్కడికి గుర్తింపు పొందిన చేతిపనివాళ్లు వంతులవారీగా వస్తారు, ఒక్కొక్కరికి పదిహేను రోజులు దుకాణం. గుర్తింపు కార్డు మీద మనిషి పేరుంటుంది గానీ, కొనేవాడి నోట మిగిలేది ఊరి పేరే. ఉదయగిరి చెంచాలకొచ్చిన భౌగోళిక గుర్తింపు కూడా ఊరి పేరునే కాపాడుతుంది. నకిలీలను ఆపడానికి అది అవసరం, కాదనను. కానీ నర్ది, బిక్కి కొయ్యతో చేసిన చెంచా పిడి మీది నగిషీ ఎవరి చేతిదో అది చెప్పదు. ఇద్దరు చెక్కితే రెండు పిడులు ఒకేలా ఉండవు. చిత్రకారుల విషయంలో ఇంత తేడాని మనం శైలి అంటాం.

వ్యవధిలో మాత్రం హాట్‌దే పైచేయి. ఒక్క ఆదివారం కిక్కిరిసిన జనంలో ఆగి చూసే తీరికెవరికి? చిన్న, చవక బొమ్మలే ముందు అమ్ముడుపోతాయి. చెంచాను చేతిలోకి తీసుకుని తిప్పి చూడాలి, దానికి రోజులు కావాలి. అయితే ఆ పదిహేను రోజులకీ ఒక మెలిక ఉంది. ఉదయగిరిలో ఈ పని చేసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఇల్లూ పిల్లలూ వదిలి అన్నాళ్లు ఢిల్లీలో ఉండగలిగేది ఎందరు? ఒకరు వెళ్లి పదిమంది సరుకూ అమ్ముకొస్తే, చెక్కిన చేతులు ఇంట్లోనే ఉండిపోతాయి.

ఆత్మకూరైతే పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. అందుకే ఇక్కడి ఆహ్వానం చేతిపనివాళ్ల సంఘానికి ఒక్కటి పంపి ఊరుకోకుండా, చెక్కే ప్రతి మనిషికీ ఆమె పేరుతోనే వెళ్లాలి. నెల్లూరు చిత్రకారుల పక్కనే చోటు, నాలుగైదు రోజుల వ్యవధి. ఇంకొకటి: జనం చూడ్డానికి రోజంతా ఉలి పట్టుకుని చెక్కి చూపించమని ఆమెను అడగకూడదు. పక్కనున్న చిత్రకారుణ్ణి పొద్దస్తమానం కుంచె ఆడించమని ఎవరూ అడగరుగా.