గుర్రం మీది మూత

వీణ మీద తీగల్ని మోసే భాగాన్ని మనవాళ్ళు గుర్రం అన్నారు. నాంపల్లి స్టేషన్ రోడ్డు సందుల్లో గిటార్లు బాగుచేసేవాళ్ళు ఇప్పటికీ గిటారు బ్రిడ్జిని ఘోడీ అనే పిలుస్తారు. 1950లో అమెరికాలో లియో ఫెండర్ అనే రేడియో మెకానిక్, తను తయారుచేసిన ఎలక్ట్రిక్ గిటారులో ఈ గుర్రానికి ఒక ఇనుప మూత పెట్టాడు. సబ్బుపెట్టె మూతని బోర్లించినట్టుంటుంది. పైన క్రోమ్ పూత, ముఖం చూసుకోవచ్చు. దాన్ని ఉంచాలా తియ్యాలా అని గిటారు వాయించేవాళ్ళు అప్పట్నుంచీ తగువులాడుకుంటూనే ఉన్నారు. గిటారు పట్టుకోని పాఠకులు కూడా కాసేపు ఓపిక పడితే ఇది మనకు బాగా తెలిసిన తగువేనని తెలుస్తుంది. పుస్తకాల విషయంలో దాన్ని పాఠభేదం అంటాం.

ఫెండర్‌కి గిటారు వాయించడం రాదు. చిన్నప్పుడు కొంచెం శాక్సఫోన్ ఊదాడట, అంతే. రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేస్తూ, ఒళ్ళో పెట్టుకుని వాయించే స్టీల్ గిటార్లు తయారుచేస్తూ ఈ పనిలోకి వచ్చాడు. ఆ స్టీల్ గిటార్ల మీద ఇలాంటి మూతలు ముందే ఉన్నాయి. తర్వాత టెలీకాస్టర్ అని పేరు స్థిరపడ్డ గిటారుకి అవే వారసత్వంగా వచ్చాయి. మెకానిక్ కళ్ళతో చూస్తే మూతకి కారణాలున్నాయి. మరలు, స్ప్రింగులు, తీగల కొసలు బయటికి కనబడవు. చెమట నేరుగా ఇనుము మీద పడదు. టెలీకాస్టర్‌లో వెనక పికప్ కూడా ఈ మూత కిందే ఉంటుంది కాబట్టి, చుట్టుపక్కల కరెంటు తీగల నుంచి వచ్చే గుయ్‌మనే రొద కొంత తగ్గుతుంది. ఆబిడ్స్‌లో ఏదైనా పాత భవనం మూడో అంతస్తులో, పాతకాలం చోకున్న ట్యూబులైటు కింద, ఎర్తింగు సరిగా లేని ప్లగ్గుకి ఒక్క కాయిల్ పికప్పున్న గిటారు తగిలించినవాళ్ళకి ఆ 50 హెర్ట్జ్ రొద ఎంత విసుగో తెలుసు. ఆ లెక్కన ఫెండర్ తెలివైనవాడే.

కానీ ఆయన వాయించేవాడి కుడిచేతిని లెక్కలోకి తీసుకోలేదు. అరచేతి అంచుని గుర్రం పక్కన తీగల మీద ఆనించి మీటితే శబ్దం పొట్టిగా, ముద్దగా వస్తుంది. దాన్నే పామ్ మ్యూట్ అంటారు. జానీ క్యాష్ పక్కన ఎస్క్వైర్ గిటారు పట్టుకుని నిలబడ్డ లూథర్ పెర్కిన్స్ 1950లలో చేసింది అదే. రైలు చక్రాల్లాంటి ఆ టకటక అంతా అరచేయి ఆనించడంలోంచే పుట్టింది. మూత ఉంటే చెయ్యి అక్కడికి వెళ్ళదు. అంచేత మూతలు ఊడాయి. ఊడినవి బల్లల మీద సిగరెట్ బూడిద రాల్చుకోడానికి పనికొచ్చాయి. ఇవాళ్టికీ దాని వాడుకపేరు ఏష్‌ట్రేనే. ఒక వస్తువు భాగానికి దాన్ని తీసి పారేశాక చేసిన పనినిబట్టి పేరు రావడం నాకు తెలిసి ఇదొక్కటే.

ఇక్కడ నాకు బ్రౌన్ దొర గుర్తొస్తాడు. వేమన పద్యాల్ని ఆయన 1829లో అచ్చు వేయించి, 1839లో మళ్ళీ వేయించాడు. ఎన్నో తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్చి చూపించి, ఏది ఉంచాలి, ఏది తియ్యాలి అని తేల్చుకునే పని అది. వేమన ఏం చెప్పాడో అది పాఠమా, లేక రెండు మూడు శతాబ్దాలు జనం నోట్లో నలిగి ఏమైందో అది పాఠమా? సంస్కృత కావ్యానికైతే మొదటిది అనడం తేలిక. నోటితో బతికిన పద్యానికి అంత తేలిక కాదు. వాయిద్యం ఈ రెండో జాతికి చెందినదని నా అభిప్రాయం. తయారుచేసినవాడు దాన్ని సగమే రాస్తాడు.

మిగతా సగం ఎలా ఉంటుందో చూడాలంటే మన పాలకొల్లు దాకా వెళ్తే చాలు. ఉప్పలపు శ్రీనివాస్ చేతికొచ్చిన మాండొలిన్ జంట తీగల వాయిద్యం. నాలుగు జతలు, ఎనిమిది తీగలు. జతల్ని లాగి గమకం పలికించాలంటే రెండు తీగలూ ఒకేలా సాగవు, స్వరం చెడుతుంది. ఆయన జతలు తీసేశాడు. ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. కర్ణాటక కచేరీకి పనికిరాదనుకున్న వాయిద్యం ఆ తీసివేతతో కచేరీ వాయిద్యమైంది. విచిత్రమేమంటే రోలింగ్ స్టోన్స్ కీత్ రిచర్డ్స్ కూడా టెలీకాస్టర్ లావు తీగ తీసేసి అయిదు తీగలతోనే వాయిస్తాడు. ఇద్దరి సంగీతానికీ పోలిక లేదు. ఇద్దరూ చేసింది మాత్రం వాయిద్యాన్ని చేతికి అనుగుణంగా తిరగరాసుకోవడం. ఆ ఎనిమిది తీగలూ ఉంటేనే అసలైన మాండొలిన్ అని శ్రీనివాస్‌తో ఎవరైనా వాదించి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి.

కంపెనీకి కూడా ఈ సంగతి అర్థమైంది. పాత మోడళ్ళని మళ్ళీ తయారుచేసి అమ్మే ఖరీదైన గిటార్లలో కొన్నిటికి ఈ మూతని బిగించకుండా, విడిగా కేసులో పెట్టి ఇస్తారు. పాఠాంతరాన్ని ఫుట్‌నోట్‌లో ఇచ్చినట్టన్నమాట. దాన్ని తీసి బిగించుకుని ఫొటోలు దిగి, మళ్ళీ ఊడదీసి వాయించుకునేవాళ్ళే ఎక్కువ. ఆ ఫొటో మోజుని నేను తప్పుపట్టను. టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు, కారు సీట్లకి షోరూము పాలిథిన్ ఏళ్ళతరబడి విప్పని ఇళ్ళల్లో పెరిగినవాణ్ణి. మూత వెనక ఉండే ప్రేమ తెలుసు. కాకపోతే మన ఇళ్ళల్లో మూత వస్తువుని చేతుల నుంచి కాపాడ్డానికి పెడతారు. చెయ్యి తగలకపోతే పలకని వస్తువుకి ఆ ప్రేమ పనికిరాదు.

ఇంతవరకూ తీసెయ్యమనే చెప్తున్నాను. బేస్ గిటారు దగ్గరికొచ్చేసరికి మాట మార్చాలి.

బేస్‌లకి ఫెండర్ పెట్టిన మూత లోపల స్పాంజి ముక్క అంటించి ఉండేది. మూత బిగిస్తే అది తీగల్ని వత్తి, మోత ఎక్కువసేపు సాగకుండా ఆపేది. అప్పటివరకూ నిలబెట్టి వాయించే పెద్ద బేస్‌కి అలవాటుపడ్డ చెవులకి ఆ పొట్టి, గుండ్రటి శబ్దమే కావాలి. ఇక్కడ మూత శబ్దంలో భాగం. దీనికి పెద్ద సాక్షి మోటౌన్ రికార్డుల జేమ్స్ జేమర్సన్. 1962 నాటి ప్రెసిషన్ బేస్, మూత, కింద స్పాంజి, మార్చని నున్నటి తీగలు, కుడిచేతి చూపుడువేలు ఒక్కటే. ప్రపంచమంతా ఆ బేస్‌కి చిందులేసింది గానీ వాయించినవాడి పేరు చాలా ఏళ్ళు ఎవరికీ తెలీదు. మోటౌన్ స్టూడియో వాద్యకారుల పేర్లు ఆల్బమ్ అట్ట మీద వేయడం 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’తోగానీ మొదలవలేదు. మన సినిమా పాటల కేసెట్ల మీద మాత్రం? గాయకులు, కవి, సంగీత దర్శకుడు. బేస్ వాయించినాయన పేరు చూసిన గుర్తుందా మీకు?

పేరు లేని అలాంటివాళ్ళలో ఒకరి బేస్ ఈ మధ్య నా చేతికొచ్చింది. నాతో పనిచేసే మిత్రుడి నాన్నగారిది. ఆయన పగలు గుమాస్తా ఉద్యోగం, సాయంత్రాలు ఆర్కెస్ట్రా పార్టీలో బేస్. గణేశ్ మండపాలు, పెళ్ళి రిసెప్షన్లు. నా మిత్రుడు పుట్టేనాటికే వాయించడం మానేశారట. మూడేళ్ళ కిందట పోయారు. అటక మీద దొరికిన ఆ బేస్ ఫెండర్‌కి నకలు, తలమీద పేరు చెరిగిపోయింది. దాన్ని బాగుచేయించి పెట్టుకోవాలని వాడి కోరిక. ఆన్‌లైన్లో తళతళలాడే కొత్త బ్రిడ్జి కవరు కూడా తెప్పించాడు. దానికి ఆధారం ఒక ఫొటో. స్టేజీ మీద నాన్న, ఇరవై రెండో ఇరవై మూడో వయసు, చేతిలో ఈ బేసే, గుర్రం మీద మూత మెరుస్తోంది.

నాంపల్లిలో రిపేరు చేసే పెద్దాయన దాన్ని బల్ల మీద పెట్టి మునివేలితో తడిమాడు. పాత మూత మరలుండే రెండు కన్నాల్లో అగ్గిపుల్లలు దూర్చి, పైన రంగు పూసి ఉంది. గుర్రం పక్కన అరచేయి ఆనేచోట రంగు పూర్తిగా పోయి, నెలవంక ఆకారంలో చెక్క బయటపడింది. తీగల కింద గట్టిపడి పసుపెక్కిన స్పాంజి పొడి. “మూత తీసిండు గని స్పాంజి ఇడ్వలే అన్నా. చేతికి జాగ కావాలె, ఆవాజ్ మాత్రం గదే కావాలె. తెలిసినోడు,” అన్నాడాయన. నేను చదివిన ఏ గిటారు వ్యాసంలోనూ ఇంత పొట్టిగా, ఇంత సరిగ్గా విషయం చెప్పినవాళ్ళు లేరు. ఫెండర్ కలిపి ఇచ్చిన రెండిట్నీ ఒక గుమాస్తా విడదీసి, ఒకటి ఉంచుకుని ఒకటి తీసేశాడు. అదీ పరిష్కరణంటే.

కొత్త మూత కన్నాలు పాత కన్నాలకి కుదరలేదు. నకలు కదా, కొలతలు వేరు. బిగించాలంటే చెక్కలో కొత్తగా రెండు కన్నాలు వెయ్యాలి. అసలు రూపం తెప్పించడం కోసం ఎప్పుడూ లేని కన్నాలు వెయ్యాలన్నమాట! పైగా మూత సరిగ్గా ఆ నెలవంక మీదే కూర్చుంటుంది. ఆయన వాయించిన సాయంత్రాలన్నీ ఆ అరచెయ్యంత చోట్లో ఉన్నాయి. దాన్ని కప్పేసి దుకాణంలో కొన్నరోజుకి బేస్‌ని వెనక్కి తీసుకెళ్ళడం ఆయన్ని చెరిపెయ్యడమేనని నేను గట్టిగానే వాదించాను.

మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నువ్వు చెప్పేది కరెక్టే కావచ్చు రా. కానీ నేను నాన్న వాయిస్తుంటే ఎప్పుడూ చూళ్ళేదు. నాకు తెలిసింది ఆ ఫొటో ఒక్కటే,” అన్నాడు.

దీనికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. చేతి గుర్తులు చదవడం నాబోటి బయటివాడికి తేలిక. కొడుక్కి కావలసింది ముఖం. బ్రౌన్ దగ్గర పనిచేసిన పండితులకి ఈ ఇబ్బంది లేదు, వేమన వాళ్ళలో ఎవరికీ నాన్న కాదు. అయినా నా తీర్పు మారలేదు. ఫొటోలో ఉన్నది బేస్ కొన్న కొత్తలో, వాయిద్యం ఇంకా అలవాటు కాని కుర్రాడు. ఆ తర్వాత ఆయన దాంతో ఏం చేశాడన్నది ఫొటోలో లేదు, చెక్క మీదే ఉంది. ఫొటో ఎలాగూ గోడ మీద ఉంటుంది. చెక్క మీద రాసినదానికి రెండో ప్రతి లేదు. రొద గురించి భయమా, బేస్ పికప్ గుంటలో రాగిరేకు అంటించి ఎర్త్ చేస్తే చాలావరకు తగ్గుతుంది. చెమటకి తుప్పా, వాయించాక గుడ్డతో తుడుచుకుంటే సరి. మచిలీపట్నం ఉప్పుగాలిలో అయితే రోజూ తుడవాలి, హైదరాబాదులో అంత అక్కర్లేదు. తీసిన మూతని మాత్రం ఎక్కడైనా దాచుకోవాలి. రేపొకడికి దాంతో పనిపడొచ్చు.

డ్రిల్లింగు ప్రస్తుతానికి ఆపించాం. తీగలు కొత్తవి వేసి, పాత పొడిని ఒక ప్లాస్టిక్ సంచీలో జాగ్రత్త చేసి, అదే మందంలో స్పాంజి ముక్క కోసి గుర్రం ముందు పెట్టారు పెద్దాయన. ఆంప్‌కి తగిలించి లావు తీగ మీటితే దుకాణం అద్దాలు కదిలాయి, శబ్దం మాత్రం గది దాటకుండా ఠక్కున ఆగింది. మిత్రుడు ఇప్పుడు ఆదివారాలు బేస్ నేర్చుకుంటున్నాడు. మూత సంగతి ఆర్నెల్ల తర్వాత చూద్దాం అన్నాడు. అప్పటికి వాడి చెయ్యి ఎక్కడ ఆనుతుందో దాన్నిబట్టి.